నాలుగో గుంజ

పిల్లకు అన్నీ చెప్పాడు, ఆ ఒక్కటి తప్ప. ఆ సంగతి పోశన్నకు హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, రింగు నాలుగు మూలల్లో నిలబెట్టిన గుంజలను చూశాక తట్టింది. ఒక గుంజకు ఎర్ర మెత్త కట్టారు, దాని ఎదురు మూలకు నీలం మెత్త, మిగిలిన రెండింటికీ తెల్ల మెత్తలు. ఇంకో గంటలో మనవరాలు ఇంద్రజ బాక్సింగ్ ఫైనలు. చేతికి పట్టీ ఎట్లా చుట్టుకోవాలో చెప్పాడు, గడ్డం ఎక్కడ దాచుకోవాలో చెప్పాడు, దెబ్బ భుజంలోంచి కాదు నడుములోంచి రావాలని చెప్పాడు, చెప్పాడంటే నోటితో చెప్పింది తక్కువే, చేతులతో చూపించాడు. కానీ దెబ్బ తిని ఎదుటి మనిషి కింద పడితే అప్పుడేం చెయ్యాలో చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే అయితే ఏదోలే అనుకోవచ్చు. మూడు నెలలుగా, రోజూ పొద్దున, తనే దగ్గరుండి దానికి తప్పు నేర్పాడు. అరవై ఒక్క ఏళ్ళ కింద తన కాళ్ళు చేసిన తప్పే, అచ్చం అదే, తెచ్చి పిల్ల కాళ్ళలో పెట్టాడు.

రోజూ పొద్దున అంటే ఎండ ఎక్కక ముందు. దోహాలోని అల్ అజీజియాలో కొడుకు గజేందర్ వాళ్ళు అద్దెకుండే విల్లా వెనక వాటా నుంచి ఆస్పైర్ పార్కు దాకా నడిచిపోయి, అక్కడి పచ్చిక మీద. క్రేన్ల కంపెనీలో పనిచేసే గజేందర్ సైటు నుంచి తెచ్చి పడేసిన పైపు ముక్క ఒకటి, పాత సాక్సులు ఉండ చుట్టి పైన గట్టిగా కుట్టిన బంతి ఒకటి. పోశన్న బంతి విసిరేవాడు, పిల్ల పైపుతో కొట్టేది. నడుము తిరగడానికి అంతకంటే మంచి కసరత్తు లేదు, బంతిని కొట్టే నడుమే మనిషినీ కొడుతుంది, ఆ సంగతి పోశన్నకు తెలిసినంతగా ఈ దోహాలో ఇంకెవరికీ తెలియదు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. పచ్చిక మీద చదరంగా నాలుగు ఖర్జూరపు చెట్లు కనబడ్డాయి. కొట్టినంక ఉరుకు అన్నాడు. ఆ చెట్టు ముట్టు, ఆ ఎనక చెట్టు ముట్టు, నాలుగోది ముట్టినంకనే ఆగు అన్నాడు. ఎందుకన్నాడో అప్పుడు ఆలోచించలేదు. పైపు గాలిని కోసిన చప్పుడు చెవిన పడగానే పాత సంతోషం ఒకటి మోకాళ్ళలోకి దిగింది, తను ఉరకలేడు గనక పిల్లను ఉరికించాడు. అది నవ్వుకుంటూ ఉరికేది. నాలుగో చెట్టు కింద భార్య గౌరవ్వ నీళ్ళ సీసా పట్టుకొని కూర్చునేది. కొట్టు, ఉరుకు, ముట్టు, నీళ్ళు తాగు. తొంభై పొద్దులు. ఇవాళ ఆ పిల్ల ఎడమ చెయ్యి తగిలి ఎదుటిది పడిందా, కాళ్ళు ఊరుకుంటాయా?

"ఏమయ్యా, ఊకె గుటకలు మింగుతున్నవు. కొట్లాట నీదా, దానిదా?" అంది పక్కన గౌరవ్వ. బయటి తిండి లోపలికి తేవద్దని గేటు దగ్గర చెప్పినా వేయించిన పల్లీలు చెంగున మూటగట్టి తెచ్చింది, చెయ్యి చెంగులోనే పెట్టి పొట్టు నలుపుతోంది. అరవై ఏళ్ళ సంసారంలో పోశన్న పలకని మాటలన్నీ ఒకచోట పోస్తే ఎంత గుట్ట అవుతుందో, ఆ గుట్ట మీద కూర్చొని గౌరవ్వ ఒక్కతే రెండు నోళ్ళ మాటలూ మాట్లాడుతూ వచ్చింది. "ఈ దుబాయ్ల ఏసీలు మనుషులను సంపుతయి" అని చెంగు నెత్తి మీదికి లాక్కుంది. ఇది దుబాయ్ కాదు అత్తమ్మా, ఖతర్, అని కోడలు సునంద అటు పక్క నుంచి అంది, మూడు నెలల్లో అది వందోసారి. "ఏదైతేంది, రెండూ ఇసుకే గద" అంది గౌరవ్వ.

గజేందర్ మాత్రం నవ్వలేదు. శుక్రవారం పూట ఇస్త్రీ చొక్కా వేసుకొని, చేతులు కట్టుకొని, పిల్ల పరీక్ష ఫలితం కోసం వచ్చినవాడిలా కూర్చున్నాడు. ఒకరకంగా పరీక్షే. పిల్లకు పదిహేడేళ్ళు, పన్నెండో తరగతి. కరాటే అని చెప్పి ఏడాది పాటు బాక్సింగ్ క్లబ్బుకు పోయిందని తెలిసిన రోజు ఇంట్లో పెద్ద లొల్లి అయింది. ఆఖరికి తండ్రీకూతుళ్ళ మధ్య ఒక మాట కుదిరింది. ఈ పోటీ గెలిస్తే ఆడుకో, నేను అడ్డం రాను, ఓడితే గ్లవుజులు ఖలాస్, మళ్ళ ఆ పేరు ఎత్తద్దు. పిల్ల కళ్ళు తుడుచుకొని సరేనంది. ఆ మాట మీదే ఇవాళ ఇంతమందీ ఇక్కడున్నారు. గజేందర్ ఇరవై ఏళ్ళ కింద ఇనుప చువ్వలు కట్టే పనికి వచ్చి, క్యాంపుల్లో పన్నెండుమంది పడుకునే గదిలో పడుకొని, క్రేను ఎక్కి, దిగి, ఇప్పుడు నలభై మంది మీద సూపర్వైజరైనవాడు. అన్నాడంటే అన్నాడే. తల్లిలాగా వాదించడు, తండ్రిలాగా మింగడు, ఒక్కసారి చెప్తాడు.

హాల్లో ఎక్కడో ఎవరో కాళ్ళకు నూనె రాస్తున్నారు, కర్పూరం వాసన, దాని వెనకే చెమట పీల్చిన తోలు వాసన. ఆ వాసన రాగానే పోశన్న బొగ్గుబావి కాలనీలోకి పోయాడు. మూడో తరగతి అయ్యాక పలక పక్కన పెట్టి, పన్నెండేళ్ళకే బావి మీద తట్టలెత్తి, పదిహేనేళ్ళకు లోపల బొగ్గు టబ్బులు నెట్టిన పోరడు. కార్మికుల క్లబ్బులో పట్టాళం నుంచి రిటైరైన హవల్దార్ ఒకాయన గోనెసంచిలో పొట్టు నింపి దూలానికి వేలాడదీసి, ఎవడైనా వచ్చి గుద్దచ్చు అన్నాడు. టబ్బులు నెట్టిన భుజాలు గదా, మొదటి గుద్దుకే సంచి చిరిగి పొట్టు హవల్దార్ మీసాల నిండా పడింది. ఆయన తిట్టలేదు. సంచి నువ్వే కుట్టు, రేపు మళ్ళ రా, అన్నాడు. అట్లా సంచి కుట్టడంతో మొదలైంది. ఆ కుట్టే ఇప్పుడు సాక్సుల బంతి మీద వేసింది, ఒకే కుట్టు. గ్లవుజులు లేని రోజుల్లో పాత ధోవతి చింపి పట్టీలు చేసి వేళ్ళ సందుల్లోంచి చుట్టేవాళ్ళు. మూడు నెలల కింద, ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన మూడో రోజు, ఇంద్రజ తలుపు దగ్గరికేసుకొని పట్టీ చుట్టుకోవడం పోశన్న కంటబడింది. తప్పు చుడుతోంది, బొటనవేలు వదిలేస్తోంది. ఏమీ అనకుండా పోయి మంచం మీద కూర్చొని, ఆ పట్టీ విప్పి, మణికట్టు మీద మూడు చుట్లు, అరచేతి మీద మూడు, వేళ్ళ సందుల్లో ఒక్కొక్కటి, బొటనవేలికి తాళం, అట్లా చుట్టి ఇచ్చాడు. పిల్ల నోరు తెరిచి చూసింది. గుమ్మంలో గజేందర్ నిలబడ్డాడు. "బాపూ, నీకిది ఎట్లొచ్చు?" అన్నాడు. కన్నకొడుక్కి యాభై ఏళ్ళ దగ్గరపడ్డాక తెలిసింది, తండ్రి బాక్సరని. ఊళ్ళో అందరూ తండ్రిని ఉరుకుల పోశన్న అంటే డ్యూటీకి ఆలస్యమై ఉరికేవాడు కాబోలు అనుకున్నాడు, ఆ పేరు పెట్టి పిలిచిన పిల్లలతో బడి వెనక కొట్లాడాడు, ఎందుకు పిలుస్తున్నారో మాత్రం అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు పోశన్న.

ఇరవై ఆరు గెలిచాడు. బావి క్లబ్బుల్లో, జాతరల్లో వేసిన పందిళ్ళ కింద, రైల్వే వాళ్ళ మైదానాల్లో. ఇరవై ఆరు మంది ముఖాలూ ఇప్పటికీ గుర్తే, ఒక్కొక్కరికి ఎక్కడ తగిలిందో కూడా. గుర్తు చేసుకుంటే పోశన్న పిడికిలి ఒళ్ళోనే మూసుకుంటుంది, ఎనభై రెండేళ్ళ పిడికిలి, కణుపులు వాచి సరిగ్గా మూసుకోదు గానీ బరువు మాత్రం తగ్గలేదు. అప్పుడే గోదారి ఒడ్డున కరెంటు కార్ఖానా కట్టడానికి అమెరికా ఇంజనీర్లు వచ్చారు. సాయంత్రాలు వాళ్ళు గుండ్రటి కట్టెతో తోలు బంతిని కొట్టే ఆట ఆడేవారు, బేస్‌బాల్. కూలీలు దాన్ని దొరల చిర్రగోనె అనేవారు. రెండు జట్లకు సరిపడా దొరలు లేరు, బలమైన కూలీలను జీతమిచ్చి ఆడించుకుందామన్నారు. ఓవర్సీరు రామకృష్ణారావు వచ్చి, టబ్బులు నెట్టే జీతానికంటే ఎక్కువ, పైగా నీడపట్టున, పోతావా పోశన్నా, అన్నాడు. నీడ ఎక్కడిది, మైదానంలో చెట్టే లేదు. అయినా పోయాడు. ఆటాడితే జీతం ఇస్తారన్న మాట బావి కాలనీలో ఎవరూ నమ్మలేదు, మొదటి నెల జీతం అమ్మ చేతిలో పెడితే, ఎక్కడ దొంగిలించినవురా అని చెంప మీద కొట్టింది.

నవ్వు వచ్చింది పోశన్నకు, ఆ చెంపదెబ్బ తలుచుకొని. గౌరవ్వ ఓరగా చూసింది. మొదటిరోజు సంగతి ఇంకా నవ్వే. హార్పర్ దొర అని పొడుగాటి మనిషి బంతి విసిరాడు, పోశన్న నడుము తిప్పి కొట్టాడు, బంతి ఎక్కడికో పోయింది. పోశన్న కట్టె కింద పెట్టి, బుద్ధిగా నడుచుకుంటూ పోయి ఒక మూలన నిలబడ్డాడు. బాక్సింగులో అదే గదా పద్ధతి, కొట్టినవాడు తనది కాని, ఎదుటివాడిదీ కాని వట్టి మూలకు పోయి నిలబడాలి, అప్పుడే రిఫరీ అంకెలు లెక్కపెడతాడు. దొరలు గొంతులు చించుకున్నారు, చేతులు ఊపారు, పోశన్న కదలలేదు. ఓవర్సీరు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. ఇందులో కొట్టినంక నిలబడద్దు, ఉరకాలె. ఇసుక నింపిన సిమెంటు సంచులు నాలుగున్నయి గదా, వరసగా ముట్టుకుంట రావాలె. నాలుగోదాన్ని ఇల్లు అంటరట, బయలుదేరిన జాగకే తిరిగొచ్చుడు. ఇల్లు ముట్టకపోతే ఎంత కొట్టినా లెక్కకు రాదట. పోశన్నకు ఆ మాట నచ్చింది. మూడేళ్ళు ఆడాడు. కొట్టడం, ఉరకడం, మూడు సంచులు ముట్టి ఇల్లు ముట్టడం. ఒక ఆదివారం బంతి మైదానం దాటి, కంచె దాటి, కాలువ అవతల ఆగి ఉన్న జీపు అద్దం పగలగొట్టింది. జీపు హార్పర్ దొరదే. పోశన్న నాలుగు సంచులూ తాపీగా ముట్టి వచ్చేసరికి, అద్దం పగిలిన దొరే ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. అంత ఎత్తు నుంచి గోదారి మొత్తం కనిపించింది, ఎండాకాలం సన్నటి నీటిచారలు, అవతలి ఒడ్డున అడవి చెట్లు. ఇరవై ఏళ్ళవాడు, లోకంలో రెండు ఆటలు తెలిసినవాడు, రెండింట్లో తనను మించినవాడు లేనివాడు.

మైకులో ఏదో పేరు పిలిచారు. ఇంద్రజది కాదు, దానికంటే రెండు పోటీల ముందు. పోశన్న లేచాడు. లేచి ఎటుపోవాలో తెలియక నిలబడ్డాడు. క్లబ్బు కోచ్ రఫీయుద్దీన్ పాతబస్తీ మనిషి, భుజం మీద తువ్వాలేసుకొని అటుగా పోతుంటే చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "ఏం చాచా?" "పిల్ల…" అన్నాడు పోశన్న, "పడితే…" "అరే చాచా, ఫికర్ మత్ కరో. మన పిల్ల పడదు, నేను పడనిస్తనా?" అని చెయ్యి తట్టి పోయాడు రఫీయుద్దీన్, ఎవరో యల్లా యల్లా అని తొందరపెట్టి పిలుస్తున్నారు. మన పిల్ల పడటం గురించి కాదు, ఎదుటిది పడటం గురించి అని నోట్లో మాట తయారయ్యేసరికి అతను హాలు అవతలికి చేరాడు. ఆడవాళ్ళ గది దాకా పోయాడు పోశన్న. తలుపు దగ్గర నల్లటి పొడుగాటి సెక్యూరిటీ అమ్మాయి చెయ్యి అడ్డంపెట్టి, "బాబా, మాఫీ జెంట్స్" అని నవ్వింది, మగవాళ్ళకు లోపలికి లేదని. వెనకే గౌరవ్వ వచ్చింది. "ఏంది చెప్పు, నేను పోయి చెప్తా." పోశన్న అటూ ఇటూ చూశాడు. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. సికింద్రాబాద్ నుంచి మొదలుపెట్టాలి. గౌరవ్వ ఊళ్ళోవాళ్ళ నోట విన్నదే, తన నోటితో మాత్రం అరవై ఒక్క ఏళ్ళుగా ఆ మాట ఎత్తలేదు. "కింద పడ్డంక…" అన్నాడు. "ఆ, పడ్డంక?" "మూల…" అన్నాడు. గౌరవ్వ పల్లీల చెయ్యి దులుపుకొని లోపలికి పోయింది, రెండు నిమిషాలకే వచ్చింది. "చెప్పినవా?" "నువ్వు సగం చెప్తివి, నేను సగమే చెప్పిన. తాత ఏదో మూల అంటున్నడే, జెర చూసుకో అన్న. అది నవ్వింది." "గంతేనా?" "ఇంకేముంది నీ దగ్గర, ఇస్తే మోసుకపోనా?" అంది గౌరవ్వ.

ఉంది. నెహ్రూ చనిపోయిన ఏడాది చలికాలం, సికింద్రాబాద్, రాష్ట్రం మొత్తానికి ఒక్కడిని తేల్చే పోటీ. ఎదుట మీసాల పట్టాళపోడు. ముందు రోజు దాకా దొరల మైదానంలో ఆడి, రైలెక్కి, నేరుగా రింగెక్కాడు పోశన్న. రెండో రౌండులో ఎడమ చెయ్యి నడుములోంచి లేచింది. అట్లాంటి దెబ్బ మనిషి జీవితంలో ఒకటో రెండో, తగిలిన చప్పుడుకే తెలుస్తుంది, కట్టెకు బంతి సరిగ్గా మధ్యలో తగిలిన చప్పుడే అది. పట్టాళపోడు నిలువునా కూలాడు. పోశన్న కాళ్ళు ఉరికాయి. పోశన్న కాదు, కాళ్ళు. మొదటి మూలకు ఉరికి గుంజ ముట్టాడు, హాలంతా నిశ్శబ్దం. రెండో గుంజ ముట్టాడు, ఎవడో కిసుక్కుమన్నాడు. మూడో గుంజ ముట్టాడు, హాలు హాలంతా పగలబడి నవ్వింది. రిఫరీ వేలు పైకెత్తి అట్లాగే నిలబడ్డాడు, కొట్టినవాడు ఒక మూలన నిలబడితే గదా లెక్కపెట్టేది. నాలుగోది పోశన్న సొంత మూల, హవల్దార్ కూర్చున్న మూల, ఇంకా రెండు బారల దూరంలో ఉండగా రిఫరీ జబ్బ పట్టుకొని ఆపాడు. హవల్దార్ తువ్వాలు ముఖం మీద కప్పుకొని ఉన్నాడు. ఈలోగా పట్టాళపోడు మోకాలి మీద లేచాడు, గాలి పీల్చాడు, తల దులుపుకున్నాడు. పది అంకెలకు లేవని మనిషికి ముప్పై అంకెల టైము దొరికింది. మూడో రౌండు అయ్యాక పాయింట్ల మీద వాడే గెలిచాడు. చేతులు గెలిచినదాన్ని కాళ్ళు పోగొట్టాయి. నవ్వు వాళ్ళకంటే ముందే రైలెక్కి బావి కాలనీకి చేరింది. ఆ వేసవికే దొరల పనీ అయిపోయింది, సంచులు కోసి ఇసుక కుప్పపోసి పోయారు. పోశన్న మళ్ళీ రింగెక్కలేదు. మూడు నెలలకు పెళ్ళయింది. మొదటి రాత్రి గౌరవ్వ అడిగిన మొదటి మాట, "ఉరికి ఎక్కడికి పోదామనుకున్నవయ్యా?" వెటకారానికి అడిగిందా, తెలుసుకుందామని అడిగిందా, తెలియదు. పోశన్న పలకలేదు. ఇంటికి, అని అప్పుడే చెప్పి ఉండాల్సింది.

మైకులో ఇంద్రజ పేరు వినిపించింది. ఎర్ర మూల. తలకు మెత్తటి తొడుగు, ఎర్ర గ్లవుజులు, లోపల పోశన్న పొద్దున చుట్టిన పట్టీ. నీలం మూలలో శిఫా అనే పిల్ల, ముషైరిబ్ వైపు క్లబ్బుది, ఇంద్రజ కంటే బెత్తెడు పొడుగు, చేతులు ఇంకా పొడుగు. మొదటి రౌండు మొత్తం ఆ పొడుగు చేతులే మాట్లాడాయి. ఇంద్రజ దగ్గరికి పోలేకపోయింది, ముక్కు మీద రెండు తగిలాయి, సునంద కళ్ళు మూసుకుంది. "ఎడం చెయ్యి ఎందుకు దాచుకున్నదే అది, పెండ్లికి తీస్తదా?" అని గౌరవ్వ గొణిగింది. రెండో రౌండులో పిల్ల కిందికి వంగి లోపలికి దూరడం మొదలుపెట్టింది, పక్కటెముకల మీద ఒకటి, ఇంకొకటి, శిఫా చేతులు కొంచెం కొంచెం కిందికి దిగుతున్నాయి. పోశన్నకు ఆ దిగడం తెలుసు, చేతులు ఎప్పుడు బరువెక్కుతాయో ఇరవై ఆరుసార్లు చూశాడు. గెలుస్తుంది. గెలుస్తుందని తెలిసేకొద్దీ భయం పెరిగింది. గెలిచే క్షణంలోనే ఉంది గొయ్యి, తను తవ్విన గొయ్యి. ఎదుటిది పడకుండా గెలవాలి అనుకున్నాడు, పాయింట్ల మీద గెలువు బిడ్డా, పడగొట్టకు. తన రక్తం మంచి దెబ్బ కొట్టొద్దని కోరుకునే రోజు ఒకటి వస్తుందని ఎప్పుడనుకున్నాడు. వెంటనే సిగ్గేసింది. కొట్టు, అనుకున్నాడు. నడుము తిప్పి కొట్టు. మిగతాది నేను చూసుకుంటా.

మూడో రౌండులో నిమిషం గడిచింది. ఎర్ర మూల పక్కనే, తాళ్ళకు దగ్గరగా, శిఫా కుడి చెయ్యి చాచింది, ఇంద్రజ దాని కింది నుంచి లేచింది. పోశన్నకు కన్ను కంటే ముందు చెవికి తెలిసింది. కట్టె మధ్యలో బంతి తగిలిన చప్పుడు. శిఫా కూర్చున్నట్టుగా పడింది. ఇంద్రజ పక్కకు తిరిగింది, ముఖం నిండా పార్కులో నవ్వే నవ్వు, తాళ్ళ వెంబడి ఉరికింది, తెల్ల మెత్త గుంజను అరచేత్తో కొట్టింది, అక్కడ ఆగకుండా కాలు నీలం మూల వైపు ఎత్తింది. రిఫరీ వేలెత్తి ఆమెనే చూస్తున్నాడు, లెక్క మొదలుపెట్టలేదు.

"ఆగు."

ఆ గొంతు ఎవరిదో చుట్టుపక్కల వాళ్ళకు తెలియలేదు. గజేందర్‌కు తెలియలేదు, పుట్టి బుద్ధెరిగాక తండ్రి గొంతు అంత ఎత్తున వినలేదు. పోశన్న లేచి నిలబడి ఉన్నాడు, శాలువా కింద పడిపోయింది. "ఉరకకు బిడ్డా. తెల్ల గుంజ కాడ్నే నిలబడు. ఆడ నిలబడితేనే లెక్కపెడ్తడు. కదలకు." బావిలో టబ్బు జారినప్పుడు కిందివాళ్ళకు వినబడేటట్టు అరిచే అరుపు అది, రెండు వందల గజాలు పోయే అరుపు, ఈ హాలు దానికొక లెక్కా. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. పిల్ల తల తిప్పి తాతను చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసి, తెల్ల గుంజకు వీపు ఆనించి, రెండు చేతులూ తాళ్ళ మీద పెట్టి నిలబడింది. రిఫరీ వేలు దిగింది. ఒకటి. రెండు. పోశన్న పెదవులు కూడా కదులుతున్నాయి, మూడు, నాలుగు, ఆ అంకెల కోసం ఎంతకాలం కాచుకున్నాడు, ఐదు, ఆరు, ఒక్కొక్క అంకె మీసాల పట్టాళపోడి మీద కూడా పడుతోంది, ఏడు. ఎనిమిదికి శిఫా లేచింది. ధైర్యం గల పిల్ల, లేచింది, కానీ కాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి, రిఫరీ ఆమె కళ్ళలోకి చూసి, దగ్గరికి తీసుకొని, చెయ్యి గాల్లో అడ్డంగా ఊపేశాడు. అయిపోయింది.

ఎర్ర గ్లవుజు పైకి లేచింది. సునంద ఏడుస్తోంది, గజేందర్ కుర్చీ మీదికెక్కి ఈలలు వేస్తున్నాడు, నలభై మంది మీద సూపర్వైజరు. "ఆడుకో బిడ్డా, ఆడుకో" అంటున్నాడు, ఎవరికి వినబడుతుందని. కుర్చీ దిగాక తండ్రి దగ్గరికి వచ్చి శాలువా తీసి భుజాల మీద కప్పి, "బాపూ, గంత గొంతు ఏడ దాచినవ్?" అన్నాడు. పోశన్నకు చెప్పాలనిపించింది. ఆశ్చర్యం, ఈసారి మాట సగంలో తెగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, నాలుగు ముక్కల్లో, పట్టాళపోడు, మూడు గుంజలు, రిఫరీ, హవల్దార్ తువ్వాలు. చెప్తుంటే ఇంద్రజ పట్టీలు విప్పుకుంటూ వచ్చి నిలబడింది. అంతా విని నవ్వుతుందేమో అనుకున్నాడు. "అంటే నాలుగోది ముట్టనేలేదా తాతా?" అంది. ఎవరూ అడగని ప్రశ్న అది. "లేదు" అన్నాడు. "అయితే రా" అని చెయ్యి పట్టుకుంది.

హాలు సగం ఖాళీ అయింది. రఫీయుద్దీన్ కింది తాడు కాలితో తొక్కి, పై తాడు ఎత్తి పట్టుకున్నాడు, "రా చాచా, రింగు నీదే." చెప్పులు విడిచి ఎక్కాడు పోశన్న. అడుగు కింద గుడ్డ బిగువుగా ఉంది, కాళ్ళు గుర్తుపట్టాయి. మొదటి తెల్ల గుంజ దాకా నడిచి ముట్టాడు. నీలం మూలలో శిఫా పట్టీలు విప్పుకుంటోంది, జరిగి చోటిచ్చి, "సలాం దాదా" అంది, ఆ గుంజ ముట్టాడు. మూడోది, తెల్లది, ముట్టి అక్కడ ఆగాడు. ఇక్కడే. ఇక్కడి నుంచి ఒక బార పోయాకే జబ్బ మీద రిఫరీ చెయ్యి పడింది. వీపు మీద ఆ నవ్వు కోసం చూశాడు, రాలేదు. ఎదురుగా ఎర్ర గుంజ. దాని కింద, కోచ్ కూర్చునే స్టూలు మీద, చెంగులో పల్లీలతో గౌరవ్వ కూర్చొని ఉంది, ఎవరు చెప్పారో, ఎప్పుడు పోయి కూర్చుందో. "నడుస్తవేందయ్యా" అంది. "ఉరుకు. నీ పేరే అది గద."

పోశన్న ఉరికాడు. నాలుగడుగులు, అయిదడుగులు, మోకాళ్ళు పట్టేస్తున్నా ఉరికాడు, ఆ చెయ్యి పడిన చోటు దాటాడు, ఎవరూ పట్టుకోలేదు, అరచెయ్యి చాపి ఎర్ర మెత్త మీద చప్పుడయ్యేటట్టు కొట్టాడు, కొట్టి ఆ చెయ్యి తియ్యకుండా గుంజను పట్టుకొని, ఆయాసంతో, నవ్వుతో వంగిపోయాడు.

గౌరవ్వ తలెత్తి చూసింది. "వచ్చినవా?"

"వచ్చిన" అన్నాడు.

నీళ్ళ సీసా మూత తిప్పి తాళ్ళ సందులోంచి అందించింది.